గీత పడిన చోటు

పాట తనకు వినబడటం మానేసిందని చెప్పుకోవడానికి భానోజీ ఒక ఆదివారం మధ్యాహ్నం గురువుగారి మేడ మెట్లెక్కాడు. చంకలో గుడ్డ సంచి, సంచిలో అట్టపెట్టె, పెట్టెలో మెత్తటి కాగితం, ఆ కాగితం మడతల్లో ఒక రికార్డు. బాలింత పురిటిబిడ్డను కూడా అంత జాగ్రత్తగా మోయదు.

గురువు అనగానే గడ్డమూ కమండలమూ ఊహించుకోకండి. ఎలీషా మాస్టారికి గడ్డం సరిగా మొలవనే లేదు. విశాఖపట్నం పూర్ణా మార్కెట్ వెనక వీధిలో, బెల్లం కొట్టు మీదున్న మేడగదిలో ఆయన ఒకప్పుడు టైపు నేర్పేవాడు. బేతేలు టైప్ ఇన్‌స్టిట్యూట్ అని బోర్డు. ఊళ్లో సగంమంది గుమాస్తాల వేళ్లు ఆయన దిద్దినవే. కంప్యూటర్లు వచ్చాక నేర్చుకునేవాళ్లు రావడం మానేశారు. మాస్టారు మాత్రం మిషన్లను అమ్మలేదు. గోడ పొడుగునా బల్లల మీద వాటిని అలాగే ఉంచి, రెక్సిన్ ముసుగులు కప్పి, మధ్యలో మంచం వేసుకుని బతుకుతున్నాడు. పెళ్లి చేసుకోలేదేమని ఎవరైనా అడిగితే, ఇంత చప్పుడులో కాపురం చేసే ఇల్లాలు దొరకలేదనేవాడు.

భానోజీకి ఆయన గురువైంది టైపులో కాదు. టైపు పరీక్షలో భానోజీ లోయరు కూడా గట్టెక్కలేదు.

ఆ రోజుల్లో ఓడరేవుకు వచ్చే విదేశీ నావికులు ఊళ్లోకి దిగి, తమ దగ్గరున్న గడియారాలో, కళ్లద్దాలో ఇచ్చి కావలసినవి పట్టుకుపోయేవారు. ఒక గ్రీకు నావికుడు ఏదో అర్జీ టైపు చేయించుకోవడానికి మాస్టారి మేడెక్కి, పని అయ్యాక సంతోషం పట్టలేక తన రికార్డుల కట్ట ఆయన చేతిలో పెట్టి పోయాడు. మాస్టారు ఒక పాత ప్లేయరు సంపాదించి ఆ కట్ట విప్పాడు. అంతే, ఆ తర్వాత ఆయన బతుకు రెండు ముక్కలైంది. శనివారం దాకా టైపు, ఆదివారం పాట.

అది మర్యాదస్తుల సంగీతం కాదు. ఎక్కడో అమెరికాలో నాన్న కారును వీధిలోకి నెట్టేసి, ఖాళీ అయిన షెడ్డులో నలుగురు కుర్రాళ్లు నిలబడి వాయించిన గ్యారేజ్ రాక్. గిటారు మీద మూడు పట్లు మాత్రమే నేర్చుకుని, ఆ మూడింటితోనే లోకం మీదికి తగువుకు పోయే పంక్. గిటారు నూతిలోంచి పలుకుతున్నట్టు, గది మెల్లగా ఊగుతున్నట్టు అనిపించే సైకెడెలిక్. తెలియనివాళ్లు వింటే ఇనప సామాన్ల కొట్లో పిల్లి దూరిందనుకుంటారు. భానోజీకి మాత్రం, మొదటిసారి విన్న రోజున, తన లోపల ఎవరో తలుపు తన్ని లోపలికి వచ్చినట్టయింది.

మాస్టారు చర్చి నుంచి వచ్చి, తెల్ల చొక్కా మార్చుకోకుండానే గది తెరిచేవాడు. ఎవరైనా రావచ్చు. రేవులో పనిచేసే గుమాస్తాలు వచ్చేవారు. రిక్షా కిందపెట్టి అప్పలకొండ వచ్చేవాడు. డ్యూటీ దిగి, తలలో పిన్నులు తీసుకుంటూ మేరీరత్నం అనే నర్సమ్మ వచ్చేది. ఎవరికీ ఆ ఇంగ్లిషు సగం కూడా అర్థమయ్యేది కాదు. మాస్టారిని అడిగితే, "నాకూ కావట్లేదమ్మా, కోపంగా ఉన్నాడని మాత్రం తెలుస్తోంది" అనేవాడు.

ఆ కట్టలో అందరికీ ప్రాణం 'మడ్ లాంటర్న్స్' అనే బ్యాండు రికార్డు. ఆ కుర్రాళ్లు అదొక్కటే చేసి, ఎటు పోయారో పోయారు. రెండోవైపు మొదటి పాటలో, సరిగ్గా ఊపందుకునే చోట, ఒక గీత ఉంది. ఓడలో పడిందో, సారా కొట్లో పడిందో తెలియదు. పాడేవాడు 'టుమారో' అనబోయి, ముల్లు ఆ గీతలో ఇరుక్కుని, "టుమా, టుమా, టుమా" అంటూ నత్తివాడిలా నిలబడిపోయేవాడు. అప్పుడు మాస్టారు మడమ ఎత్తి టేకు చెక్కల నేల మీద ధన్‌మని వేసేవాడు. ముల్లు ఎగిరి గీత దాటేది. పాట తాడు తెంచుకున్న దూడలా పరిగెత్తేది.

కొన్నాళ్లకు మాస్టారొక్కడే ఎందుకు తన్నాలని అందరూ తన్నడం మొదలుపెట్టారు. ఆ చోటు వస్తోందంటే చాలు, గదిలో అందరి మడమలూ లేచేవి. మేరీరత్నం చెప్పులు విడిచి మరీ సిద్ధంగా ఉండేది. ధన్! టైపు మిషన్లన్నీ ముసుగుల కింద గలగలమనేవి. కింద కొట్లో బెల్లం దిమ్మల మీద సున్నం, మట్టి రాలేవి. కొట్టు యజమాని పైడిరాజు వీధిలోకి వచ్చి పైకి చూసి అరిచేవాడు.

"మేస్టారో! బెల్లంల మట్టడతంది!"

ఆ కేక కూడా పాటలో భాగమేనని అనుకునేవాడు భానోజీ.

ఒకనాడు ఆ రికార్డు కనబడలేదు. ఎవరో అడిగితే ఇచ్చానన్నాడు మాస్టారు. ఎవరో గుర్తులేదన్నాడు. పైగా నవ్వాడు. భానోజీకి ఆ నవ్వు గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఇలాంటి వస్తువును ఇలాంటివాడి చేతిలో పెట్టిన ఆ గ్రీకువాణ్ణి తిట్టుకున్నాడు. తాను మాత్రం అలా చేయకూడదని ఒట్టు పెట్టుకున్నాడు.

తర్వాత భానోజీ కరెంటు ఆఫీసులో ఇంజనీరయ్యాడు. జీతంలో తిండికి పోగా మిగిలిందంతా రికార్డులకే. ఏ బ్యాండు డ్రమ్ములవాడు ఎప్పుడు ఎందుకు అలిగిపోయాడో, ఏ అట్ట మీద ఏ రంగు తప్పుగా పడిందో అడగండి, నిద్రలో లేపినా చెబుతాడు. మాస్టారి చేతులు వణకడం మొదలై ముల్లు పెట్టలేకపోతున్నాడని, ఆదివారాలను ఎం.వి.పి. కాలనీలో తన ఫ్లాటుకు మార్చాడు. అక్కడ ప్లేయరు కింద నల్లరాయి పలక వేయించాడు, అడుగుల అదురు సోకకుండా. రికార్డు ముట్టుకోవాలంటే తెల్ల నూలు తొడుగులు వేసుకోవాలి. పాట నడుస్తుంటే మాట్లాడకూడదు. కాలు ఆడించకూడదు. అప్పలకొండ ఒకసారి మరిచిపోయి తొడ మీద తాళం వేస్తే, భానోజీ పాట ఆపేసి వేలు చూపించి మందలించాడు.

అప్పలకొండ మళ్లీ రాలేదు. మేరీరత్నం కొన్నాళ్లు వచ్చి, మోకాళ్ల నొప్పులని మానేసింది. ఒక్కొక్కరే తగ్గి, చివరికి ఆదివారాల్లో భానోజీ, నల్లరాయి మిగిలారు. వినేవాళ్లకు ఓపిక పోయింది, కాలం పాడైపోయింది అనుకున్నాడు. పనిచేయనివాడికి పనిముట్ల మీద కోపమన్నట్టు కాలాన్ని తిట్టడం ఎంతసేపు?

అలా ఉండగా ఫిన్లాండులో ఎవరో ముసలాయన దగ్గర 'మడ్ లాంటర్న్స్' రికార్డు దొరికింది. గీత కాదు కదా, వేలిముద్ర కూడా లేదు. అది ఇంటికి చేరిన రోజున భానోజీ తలస్నానం చేసి, తొడుగులు వేసుకుని, తలుపు గడియ పెట్టి, ఆ పాట పెట్టాడు. పాట నీళ్లలా సాఫీగా వచ్చి సాఫీగా అయిపోయింది.

అతనికి ఏమీ కాలేదు.

మళ్లీ పెట్టలేదు. భయం వేసింది. కొండను తవ్వి ఎలుకను పట్టినా బాగుండేది, ఎలుక కూడా దొరకలేదు. ఇన్నేళ్ల బతుకు ఈ సంగీతానికే ధారపోస్తే, చివరికి నాలో వినేవాడే లేడా అని గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. వారం తిరక్కుండా బెంగుళూరులో ఒక పెద్దమనిషికి ఫోను చేసి, తన దగ్గరున్న రికార్డులన్నీ తీసుకుపొమ్మన్నాడు. ఆయన సంతోషంగా ఒప్పుకున్నాడు. ఒకటే షరతు పెట్టాడు. మడ్ లాంటర్న్స్ రికార్డు మచ్చలేకుండా ఉండాలి. అది లేకపోతే మిగతావి తనకక్కర్లేదు. సోమవారం పొద్దున వ్యాను వస్తుంది.

ఆ ముందురోజు ఆదివారమే ఇది.

మాస్టారు మంచం మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. వేళ్లు వణకడంతో పప్పు సగం నేలమీదికి పోతోంది.

"ఏమిట్రా భానూ, దారి తప్పావా?"

"మాస్టారూ, నా చెవులు చచ్చిపోయాయి."

"డాక్టరుకు చూపించావా?"

"చూపించాను. శుభ్రంగా ఉన్నాయన్నాడు."

"అయితే పాపం, చెవుల్నెందుకు చంపుతావు?"

భానోజీ నవ్వలేదు. ఉన్నదంతా చెప్పాడు. ఫిన్లాండు సంగతి, గడియ పెట్టుకుని విన్న సంగతి, రేపు రాబోయే వ్యాను సంగతి.

"ఒక్క మాట చెప్పండి మాస్టారూ. మనం అప్పట్లో విన్నది నిజంగా అంత గొప్పదేనా? లేక వయసు పొగరులో అలా అనిపించిందా? అదొక్కటి తేలిస్తే, ఇవన్నీ పంపించేసి సుఖంగా నిద్రపోతాను."

మాస్టారు ఒడిలోని పొట్టు దులుపుకున్నాడు. "ఏదీ, చూడనీ."

భానోజీ సంచిలోంచి ముందు తొడుగులు తీసి ఇచ్చాడు. మాస్టారు వాటిని తిప్పి తిప్పి చూశాడు.

"ఎవరికిరా ఆపరేషను?"

"వేలిముద్రలు పడకూడదు కదండీ."

మాస్టారు తొడుగులు పక్కనున్న బల్లమీద పెట్టి, కిటికీ దగ్గర ముసుగేసి ఉన్న తన పాత ప్లేయరు వైపు గడ్డం ఊపాడు. "పెట్టు."

"దీని మీదా? ముల్లు అరిగిపోయి ఉంటుంది మాస్టారూ. ఇది రేపు పంపాల్సింది."

"నీ ప్రశ్నకు జవాబు కావాలా, వద్దా?"

గురువు మాట. భానోజీ ముసుగు తీశాడు. ప్లేయరు చక్రం కాస్త మూలిగి తిరిగింది. ఊపిరి బిగబట్టి ముల్లు దించాడు.

పాట మొదలైంది. మాస్టారు మంచం దిగి వచ్చి బల్లపక్కన నిలబడి కళ్లు మూసుకున్నాడు. భానోజీ పాటను వినడంలేదు, ముల్లును చూస్తున్నాడు. గిటారు పైకి లేచింది. డ్రమ్ములు తరుముకొచ్చాయి. ఆ చోటు దగ్గర పడుతుంటే అతని మడమ తనకు తెలియకుండానే నేలమీంచి లేచింది. అతను అది గమనించి, కాలును చప్పుడు కాకుండా కిందికి దించుకున్నాడు.

మాస్టారి కళ్లు తెరిచే ఉన్నాయి. ఎప్పుడు తెరిచాడో మరి.

ఆయన కాలెత్తి, ఆ వయసులో ఎక్కడ దాచుకున్నాడో అంత బలం, చెక్కల మీద ధన్‌మని వేశాడు.

ముల్లు ఎగిరిపడి కిర్రుమంటూ రికార్డు మీద ఈడ్చుకుపోయింది.

"మాస్టారూ!"

భానోజీ రికార్డు లాక్కుని కిటికీ వెలుగులో పట్టి చూశాడు. నల్లటి అద్దంలాంటి ఆ తలం మీద వెంట్రుకంత గీత, తెల్లగా మెరుస్తోంది. ఒక్క క్షణం ఆ ముసలాయన మీద అసహ్యం కలిగింది. ఉన్నమాట చెప్పాలంటే, ఏడుపు వచ్చింది.

"ఎందుకు చేశారు ఈ పని? ఎంత వెతికానో తెలుసా దీనికోసం? మీరు మీదాన్ని ఎవడికో ఇచ్చేసి నవ్వారు. నేను దాచుకున్నాను. నాదాన్ని కూడా ఉంచరా?"

మాస్టారు ఆ మాటలన్నీ పడ్డాడు. తర్వాత మెల్లగా వెళ్లి మంచం మీద కూర్చున్నాడు.

"మళ్లీ పెట్టు."

"ఇంకా ఏం పెట్టాలి!"

"పెట్టరా అబ్బాయ్."

పోయింది ఎలాగూ పోయింది. ఎంత పాడైందో చూద్దామనే మొండితనంతోనే భానోజీ మొదటినుంచి పెట్టాడు. గిటారు లేచింది. డ్రమ్ములు తరుముకొచ్చాయి. పాడేవాడు గొంతు చించుకున్నాడు.

"టుమా, టుమా, టుమా..."

భానోజీ మాస్టారి వైపు చూశాడు. మాస్టారు కాలు కదపలేదు. కాళ్లు రెండూ మంచం మీదికి లాక్కుని బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. మిగిలిన వేరుశనక్కాయలు ఒడిలోకి తీసుకుని ఒలవడం మొదలుపెట్టాడు.

"టుమా, టుమా, టుమా..."

ముల్లు ఎత్తేద్దామని భానోజీ చెయ్యి చాపాడు. చెయ్యి సగంలో ఆగింది. పక్క బల్ల మీద టైపు మిషను ముసుగు మీద ఎండ పడుతోంది. ఆ బల్లకు ఆనుకునే అప్పలకొండ నిలబడేవాడు, ఖాకీ చొక్కా చేతులు మడిచి. ఆ గుమ్మం దగ్గరే మేరీరత్నం చెప్పులు విడిచేది. తాను ఇక్కడే, సరిగ్గా ఈ చెక్క మీదే, పరీక్ష తప్పిన రోజున కూడా వచ్చి నిలబడ్డాడు. ఆ రోజు అందరికంటే గట్టిగా తన్నింది తనే. మాస్టారు అది చూసి ఆ పాటనే మళ్లీ పెట్టాడు.

"టుమా, టుమా..."

పాడేవాడు ఎదురుచూస్తున్నాడు. ఇన్నేళ్లూ అక్కడే నిలబడి ఉన్నట్టున్నాడు.

భానోజీ చెప్పులు విడిచాడు. మడమ ఎత్తాడు.

ధన్!

నేల అదిరింది. మిషన్లన్నీ గలగలమన్నాయి. ఏదో ఒకదాని గంట పొరపాటున టింగుమంది. ముల్లు ఎగిరి గీత దాటింది. పాట పరిగెత్తింది. భానోజీ వీపు మీదినుంచి మెడదాకా వెంట్రుకలన్నీ లేచి నిలబడ్డాయి. అతను బల్ల అంచు పట్టుకుని తల దించుకున్నాడు. కన్నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు.

వీధిలో కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత కిందినుంచి, అరిగిన గొంతు ఒకటి పైకి వచ్చింది.

"మేస్టారో! బెల్లంల మట్టడతంది!"

ఆ వెంటనే మెట్లమీద కర్ర చప్పుడు. పైడిరాజు ఒక్కో మెట్టుకూ ఆగుతూ ఎక్కివచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. తలమీదా మీసాలమీదా సున్నం. కొట్టు ఇప్పుడు కొడుకు చూసుకుంటున్నాడు. ఇంట్లో తోచక ముసలాయన వచ్చి గల్లా పక్కన కూర్చుంటాడు.

"ఎవుడ్రా అది తన్నినోడు?"

"నేనే పైడిరాజు మావా. తప్పైపోయింది. బెల్లం పాడైందా?"

"బెల్లం ఇప్పుడు ప్లాస్టిక్ సంచుల్ల వొస్తంది. దానికేటవుద్ది?" పైడిరాజు రొప్పుతూ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "ఇన్నాళ్లూ ఏటైపోయినార్రా మీరంతా? ఆదివారమొస్తే పైన ఒక్క అడుగు సప్పుడు నేదు. మేస్టారు ఉన్నాడో పోయినాడో అని నానే మజ్జిలో ఒకపాలి వొచ్చి సూసి పోతన్నాను."

"మట్టి పడుతోందని తిట్టేవాడివి కదా మావా."

"తిట్టడానికైనా మనిసుండాల గదరా!"

అని, బల్లమీద చేతికందిన తెల్ల తొడుగు తీసుకుని, మీసాలమీది సున్నం తుడుచుకున్నాడు. భానోజీ చూస్తూ ఊరుకున్నాడు.

"ఏదీ, మళ్లెట్టు. కిందినుంచి ఇనడమేగాని, నాను ఎప్పుడూ పైకొచ్చి ఇన్నేదు."

మాస్టారు ఒలిచిన పప్పు గుప్పెడు పైడిరాజు చేతిలో పోసి, మంచం మీంచి కాళ్లు కిందికి దించాడు. భానోజీ వేళ్లతోనే రికార్డు సర్ది, వేళ్లతోనే ముల్లు దించాడు.

పాట సగంలో ఉండగా అతని జేబులో ఫోను మోగింది. బెంగుళూరు పెద్దమనిషి.

"ఒక్క నిమిషం ఉండండి," అన్నాడు భానోజీ. ఆ చోటు వచ్చేసింది. మాస్టారి మడమ లేచింది. పైడిరాజు ఏం చేయాలో తెలియకపోయినా కర్ర ఎత్తిపట్టాడు.

ధన్!

"ఏమిటండీ ఆ చప్పుడు?" అవతల గొంతు కంగారుపడింది. "సరే, వ్యాను బయల్దేరదీస్తున్నాను. ఆ రికార్డు మచ్చలేకుండా ఉంది కదా?"

"లేదండీ. గీత పడింది."

"గీతా! మొన్ననే కదా అద్దంలా ఉందన్నారు? ఎలా పడింది?"

భానోజీ గదినంతా ఒకసారి చూశాడు.

"వింటుంటే పడిందండీ," అన్నాడు.